ఈనాడు సూత్రం ఈటీవీకి ఎందుకు అతకలేదు? (చర్చ)

మఫసిల్ డెస్క్ (చర్చ ప్రారంభం)

ప్రశ్న సూటిగా అడుగుతున్నాను. 2000 నుంచి 2002 లోపు ఈనాడు గ్రూపు టీవీ సంస్థ ఈటీవీ తెలుగు దాటి బంగ్లా, మరాఠీ, కన్నడ, ఉర్దూ, గుజరాతీ, ఒరియా, ఆపైన నాలుగు హిందీ రాష్ట్రాల ఛానళ్లు పెట్టింది. ఆ నిర్ణయం సరైనదేనా?

కాదన్నది నా వాదన. రామోజీరావు పెట్టిన ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. 1975లో హైదరాబాద్, 1978లో విజయవాడ, 1982లో తిరుపతి ఎడిషన్లు వచ్చాయి. 1989లో జిల్లా టాబ్లాయిడ్లు, అంటే మెయిన్ పత్రికతో పాటు ఇచ్చే చిన్న సైజు జిల్లా అనుబంధాలు, వచ్చాయి. ప్రతి అడుగులోనూ చేసింది ఒకటే పని: పాఠకుడి దగ్గరికి ప్రెస్సు తీసుకెళ్లడం, ఆ ప్రెస్సు చుట్టూ ఉన్న వార్తనూ ప్రకటననూ పట్టుకోవడం. ఇది అచ్చుకు కుదురుతుంది. ఉపగ్రహానికి కుదరదు. ఉపగ్రహంలోని ట్రాన్స్‌పాండర్ నుంచి దిగే సిగ్నల్ శ్రీకాకుళానికీ చిత్తూరుకూ ఒకటే. ఒక ఫీడ్‌కి ఒక ప్రకటన, ఒక రేటు. జిల్లాలుగా చీల్చలేని మాధ్యమంలోకి వచ్చాక గ్రూపు భాషలనే జిల్లాలనుకుని చీల్చుకుంటూ పోయింది. జిల్లా టాబ్లాయిడ్ కింద మెయిన్ పత్రిక ఉంది, ఈటీవీ బంగ్లా కింద ఏముంది? దాని ఫలితమే 2012లో టీవీ18 అనే మరో టీవీ కంపెనీతో కుదిరిన అమ్మకం.

డాక్ ఎడిషన్

మొదటి సగం ఒప్పుకుంటాను. అయితే "జిల్లా పేజీ" అని తేలిగ్గా అనేస్తే ఆ లెక్క ఎంత బిగువైందో కొత్తవాళ్లకు అర్థం కాదు. అందుకే కొంచెం విడదీసి రాస్తున్నా.

విశాఖనే ఎందుకు ఎంచుకున్నారు? అప్పట్లో ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి కోస్తాకు ప్రధానంగా విజయవాడ నుంచే వచ్చేవి. విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్ల దూరం. రైలెక్కిన బండిల్ దిగి, ఏజెంటు విప్పి, కుర్రాడు సైకిలెక్కేసరికి పొద్దెక్కిపోయేది. దూరప్రాంతాలకు వేసే డాక్ ఎడిషన్ ముందే మూసేస్తారు కాబట్టి రాత్రి పొద్దుపోయాక వచ్చిన వార్త అందులో ఉండదు. అంటే పాత వార్త, అదీ ఆలస్యంగా. అదే ఊళ్లో అచ్చేస్తే ఈ రెండు లోపాలూ ఒకేసారి పోతాయి, తెల్లారేసరికి పత్రిక గుమ్మంలో ఉంటుంది. అప్పటి పోటీ పత్రికల్లో రాసేవాళ్లు తక్కువవాళ్లేం కాదు, ఓడింది రైలు టైమ్‌టేబుల్ దగ్గర.

ఇక టాబ్లాయిడ్ సంగతి. రెండు బ్రాడ్‌షీట్ పేజీల వెడల్పున్న ఒక పూర్తి షీటు రెండువైపులా అచ్చేసి మడిస్తే 8 టాబ్లాయిడ్ పేజీలొస్తాయి. షీటు సుమారు 70 × 55 సెంటీమీటర్లు, కాగితం చదరపు మీటరుకు 45 గ్రాములు అనుకుంటే ప్రతికి 17 గ్రాములు. లక్ష ప్రతులకు రోజుకు 1.7 టన్నులు, నెలకు 50 టన్నుల పైచిలుకు. నలుపు తెలుపులో అయితే 4 ప్లేట్లు (పేజీని అచ్చేసే లోహపు రేకులు), అన్ని పేజీలూ రంగుల్లో అయితే 16. ఒక ప్రెస్సు కింద మూడు నాలుగు జిల్లాలుంటే రాత్రికి మూడు నాలుగుసార్లు మెషిన్ ఆపి ప్లేట్లు మార్చాలి. ఆపిన ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు పోతాయి, రంగు కుదిరే లోపు కొన్ని వందల కాపీలు చెత్తబుట్టలోకి వెళ్తాయి. అందుకే దూరపు జిల్లా ముందు, ప్రెస్సున్న ఊరు చివర. మధ్యలో ఒక జిల్లా డెస్క్ ఇరవై నిమిషాలు జారిందంటే దాని వెనకున్న వ్యానులన్నీ జారినట్టే. తెల్లవారుజామున ఏజెంటు బండిల్ కోసం బస్టాండులో నిలబడి తిట్టేది ఎడిటర్‌ని కాదు, సర్క్యులేషన్ మనిషిని.

ఈ ఖర్చు ఎవరు మోస్తారంటే ఆ జిల్లా వ్యాపారే. రాష్ట్రమంతా వెళ్లే మెయిన్‌లో కాలమ్ సెంటీమీటరు కొనే స్తోమత బట్టల షాపుకూ కోచింగ్ సెంటర్‌కూ ఉండదు, ఉన్నా వాళ్లకు అనవసరం. తన జిల్లాకు మాత్రమే, అందులో పదో వంతు రేటుకిస్తే వారం వారం వేస్తాడు. జిల్లా పేజీ అంతకుముందు లేని ప్రకటనదారుణ్ని పుట్టించింది.

కేబుల్ బాబాయ్

మఫసిల్ గారూ, సిగ్నల్‌ని చీల్చలేమన్నది నిజమే. కానీ ఈటీవీ ప్రాంతీయ ఛానళ్లకు ఆదాయం సరిపోకపోతే దానికి కారణం అదొక్కటే కాదు. రెండు విషయాలు వదిలేశారు.

మొదటిది కొలత. 2015కు ముందు ప్రకటన సంస్థలు చూసింది టామ్ అనే సంస్థ ఇళ్లలో మీటర్లు పెట్టి ఇచ్చే టీవీ రేటింగు. టామ్ మీటర్లు పట్టణాల్లోనే ఉండేవి, పల్లెలు లెక్కలోకే వచ్చేవి కావు. దాని స్థానంలో వచ్చిన బార్క్ గ్రామీణ రేటింగు మొదలుపెట్టింది 2015 అక్టోబరులో. ఈటీవీ బిహార్, ఈటీవీ రాజస్థాన్ లాంటి ఛానళ్లు బతికిందే బ్లాకు, తహసీలు వార్త మీద. చూసేవాడు పల్లెలో, మీటరు పట్నంలో. మీటరు లేని ఇంట్లో ఎంతమంది చూసినా 10 సెకన్ల ప్రకటన రేటు పైసా పెరగదు. పత్రికకు ఏబీసీ (సర్క్యులేషన్ లెక్క తేల్చే సంస్థ) సర్టిఫికెట్ ఉంది, అమ్ముడైన కాపీ పల్లెలో అమ్ముడైనా కాపీయే. ఒకే గ్రూపు, ఒకే రకం పాఠకుడు, కొలబద్దలే వేరు.

రెండోది క్యారేజ్ ఫీజు. అనలాగ్ కేబుల్లో చోటు పరిమితం. పాత టీవీ సెట్లు పై బ్యాండ్లు పట్టేవి కావు, కాబట్టి ముందు బ్యాండులో పడాలంటే ఎంఎస్‌ఓకి (ఊరి కేబుల్ వాళ్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద ఆపరేటరుకి) ఏటా డబ్బు కట్టాలి. ఇవ్వకపోతే మీ ఛానల్ గింజలు గింజలుగా కనిపించే చివరి నంబరుకి పోతుంది. డజను ఛానళ్లున్నవాడు డజను రాష్ట్రాల్లో వేర్వేరు ఎంఎస్‌ఓలతో కూర్చోవాలి. ఎక్కువ ఛానళ్లు పట్టే డిజిటల్ కేబుల్‌కి మారే పని, అదే డిజిటైజేషన్, మొదటి దశ 2012లో గానీ మొదలవలేదు. అంటే ఈ భారం తగ్గే సమయానికి అమ్మేశారు.

సూత్రం తప్పు కాదు, పదేళ్లు ముందొచ్చింది.

పద్దుల పుస్తకం

మీరిద్దరూ ఛానళ్లు నష్టపోయాయి కాబట్టి అమ్మారన్నట్టు మాట్లాడుతున్నారు. వరస చూడండి.

2006లో ఇదే కుటుంబానికి చెందిన మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల వివాదం మొదలైంది. హిందూ అవిభక్త కుటుంబం పేరిట ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకోవచ్చా, కంపెనీ కానివాళ్లు డిపాజిట్లు తీసుకోవడాన్ని నిషేధించే, రిజర్వు బ్యాంకు చట్టంలోని 45ఎస్ సెక్షన్ వర్తిస్తుందా అన్నది వివాదం. అది కోర్టుల సంగతి, ఇక్కడ తేల్చలేం. మనకు కావాల్సింది దాని వెనక నగదు అవసరం. డిపాజిటర్లకు తిరిగి చెల్లించే పని అప్పుడు పడింది. 2007 జనవరిలో ఈనాడు నడిపే కంపెనీ ఉషోదయా ఎంటర్‌ప్రైజెస్‌లో 26 శాతానికి అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ 27.5 కోట్ల డాలర్లు పెడుతుందని ప్రకటన వచ్చింది. వార్తాపత్రికల్లో విదేశీ పెట్టుబడికి పరిమితి సరిగ్గా ఆ 26 శాతమే. అనుమతులు సాగీసాగీ ఆ ఒప్పందం నిలవలేదు. 2012 జనవరిలో టీవీ18 ప్రకటన వచ్చింది. సుమారు 2,100 కోట్లకు హిందీ రాష్ట్రాల, ఉర్దూ వార్తా ఛానళ్లు నూటికి నూరు శాతం, మరాఠీ, కన్నడ, బంగ్లా, గుజరాతీ, ఒరియా ఛానళ్లలో 50 శాతం, తెలుగు ఛానళ్లలో 24.5 శాతం. లావాదేవీ పూర్తయింది 2014 జనవరిలో. ఆ టీవీ18 రైట్స్ ఇష్యూకు (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడం) డబ్బు సమకూర్చింది రిలయన్స్ లబ్ధిదారుగా ఉన్న ట్రస్టు.

ఈ అంకెల్లో ఒక సంగతి గమనించండి. తెలుగులో పోయింది పావు వాటాకు లోపే. పత్రిక ఈ ఒప్పందంలో లేనే లేదు. కుటుంబానికి పత్రిక బలం ఎక్కడుందో అక్కడ చెయ్యి వదల్లేదు, పత్రిక లేని చోట వదిలేశారు. దీన్ని ఓటమి అంటారో, పన్నెండేళ్లు పెంచి మంచి ధరకు అమ్మిన ఆస్తి అంటారో మీ ఇష్టం. ఆ వినోద ఛానళ్లు 2015లో కలర్స్ పేర్లలోకి మారాయి, వార్తా ఛానళ్లు 2018లో న్యూస్18 అయ్యాయి. పనికిరాని సరుకైతే కొన్నవాడు అంత జాగ్రత్తగా పేర్లు మార్చుకుని నడపడు.

పెన్నా గట్టు

జిల్లా పేజీని అందరూ పొగుడుతున్నారు గనక ఎదురు మాట ఒకటి. వార్తను జిల్లాకు పంచిపెట్టడమంటే జిల్లాలో బంధించడం కూడా. పక్క జిల్లావాడికి మీ జిల్లా ధర్నా తెలియదు. హైదరాబాదులో కూర్చున్న మంత్రి చూసే ప్రతిలో శ్రీకాకుళం ఉద్దానం పేజీ ఉండదు.

సారా ఉద్యమం దీనికి మంచి పరీక్ష. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పోరాటం జిల్లా పేజీలోనే ఉండిపోతే అది నెల్లూరు గొడవగానే మిగిలేది. ఈనాడు దాన్ని రాష్ట్రమంతటా ప్రచారంగా నడిపింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. అంటే ఏ వార్త జిల్లా గోడ దాటాలో నిర్ణయించే అధికారం ఒక్క డెస్కు చేతిలో, దాని వెనకున్న ఒక్క కుటుంబం చేతిలో. 1983 ఎన్నికలప్పుడూ అంతే, తెలుగుదేశానికి ఆ పత్రిక ఎలా నిలబడిందో దాచిన సంగతేం కాదు.

మఫసిల్ గారు లోపమన్నదే టీవీ సుగుణం. సిగ్నల్‌కి జిల్లా గోడల్లేవు.

మఫసిల్ డెస్క్

@కేబుల్ బాబాయ్: టామ్ సంగతి బలమైన పాయింటు. అయినా బార్క్ వచ్చుంటే గట్టెక్కేదంటే నమ్మను. గ్రామీణ రేటింగు వచ్చాక లాభపడింది ఎక్కువగా సినిమాలూ సీరియళ్లూ వేసే ఛానళ్లు. తహసీలు వార్తకు జాతీయ సబ్బు కంపెనీ డబ్బివ్వదు, ఇవ్వాల్సినవాడు ఆ ఊరి షాపువాడు. ఆ షాపువాడు టీవీలో ఎక్కడ ప్రకటన ఇచ్చాడు? మీ కేబుల్ వాళ్ల లోకల్ ఛానల్లో, కింద పరిగెత్తే స్క్రోలింగులో. జిల్లా ప్రకటన సొమ్ము పత్రికలో ఈనాడుకు దక్కింది, టీవీలో కేబుల్ ఆపరేటరు జేబులోకి పోయింది. శాటిలైట్ ఛానల్‌కు దాన్ని అందుకునే చెయ్యి లేదు.

విలేకరి వైపు నుంచి కూడా చూడండి. పత్రిక కంట్రిబ్యూటర్‌కి కావలసింది పెన్నూ ఫోనూ, ఇచ్చేది జీతం కాదు, లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్త పొడవును బట్టి డబ్బు. మండలానికొకణ్ని పెట్టినా ఖర్చు కొలవగలిగినంతే. అదే 2002లో టీవీ స్ట్రింగర్‌కి (పార్ట్‌టైమ్ విలేకరికి) కెమెరా కావాలి, టేపులు కావాలి, ఆ టేపు బస్సు పార్శిల్లో జిల్లా కేంద్రానికి చేరాలి, అక్కణ్నుంచి హైదరాబాద్ చేరాలి. బిహార్ బులెటిన్ రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి వెళ్లేది. స్టూడియో, ఎడిటింగు ఒకేచోట పెట్టడం వల్ల ఖర్చు కలిసొచ్చింది, నిజమే. కానీ 1974లో గెలిపించింది ఊరికి దగ్గరగా వెళ్లడమైతే, ఇది దానికి నేరుగా తలకిందులు.

@పెన్నా గట్టు: గోడ సంగతి ఒప్పుకుంటాను. కానీ సంపాదకీయంగా మంచిదా అన్నది వేరే ప్రశ్న, డబ్బు తెస్తుందా అన్నది నా ప్రశ్న.

ఆగస్టు పది

అన్నా, అందరూ ఒక పోలిక మర్చిపోయారు. మలయాళ మనోరమ కూడా కుటుంబ సంస్థే, ఈనాడు కంటే ఎంతో పాతది. వాళ్లు వార్తా ఛానల్ పెట్టింది 2006లో, వినోద ఛానల్ మళవిల్ 2011లో. రెండూ మలయాళమే. తమిళనాడు సన్ టీవీ వాళ్లది తిరగేసిన దారి, 1993లో టీవీతో మొదలై 2005లో దినకరన్ పత్రికను కొన్నారు. పత్రికాకుటుంబం తన భాష దాటి టీవీని అంత విస్తరించింది దక్షిణాదిలో ఈనాడే.

పద్దుల పుస్తకం

మనోరమ పోలిక పూర్తిగా అతకదు. ఈనాడు గ్రూపు ఎప్పుడూ ఒక్క మీడియా సంస్థ కాదు. 1962లో చిట్‌ఫండ్, 1969లో అన్నదాత మాసపత్రిక, ఆ తర్వాతే దినపత్రిక. పచ్చళ్ల ప్రియా ఫుడ్స్ కూడా ఉషోదయా పద్దులోదే. ఒకచోట మిగిలింది ఇంకోచోట పెట్టడం ఆ ఇంటి అలవాటు, స్టాక్ మార్కెట్లో లిస్టింగు లేదు కాబట్టి అడిగే వాటాదారూ లేడు. లిస్టయిన కంపెనీ అయితే పదకొండు పన్నెండు ఛానళ్లకు బోర్డు ఒప్పుకునేదే కాదు. అదే లిస్టింగు లేకపోవడం వల్ల 2006లో ఒక వ్యాపారానికి దెబ్బ తగలగానే తక్షణం డబ్బు తెచ్చుకునే దారీ లేకపోయింది, వాటా అమ్మడం తప్ప.

డాక్ ఎడిషన్

కుటుంబ యాజమాన్యం గురించి ఇంకొక్కటి. ఆంధ్రపత్రిక 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పెట్టింది, 1991లో మూతపడింది. అక్కడ వారసులు లేక కాదు, పాత యంత్రాలు, ఆలస్యంగా చేరే పత్రిక, తగ్గిన ప్రకటనలు. పేరు కాపాడదు. ఈనాడులో బాధ్యతలు ముందే పంచారు: పత్రిక పెద్ద కుమారుడు కిరణ్, టీవీ చిన్న కుమారుడు సుమన్, చిట్‌ఫండ్ కోడలు శైలజ. సుమన్ 2012లో మరణించారు. 2019 డిసెంబరులో రామోజీరావు ప్రధాన సంపాదకత్వం వదిలి ఆంధ్రకూ తెలంగాణకూ వేరు వేరు సంపాదకుల్ని నియమించారు. 2024 జూన్ 8న ఆయన పోయిన మర్నాడు పత్రిక ఆగకపోవడానికి ఈ ఏర్పాటు ఒక కారణం. ఆంధ్రజ్యోతి సంగతి చూడండి, 2000 చివర్లో ఆగి, 2002లో వేరే యాజమాన్యం కింద మళ్లీ లేచింది.

కేబుల్ బాబాయ్

మఫసిల్ గారి "టీవీని చీల్చలేరు" అన్న దానికి చివరి మాట. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలుగు వార్తా ఛానల్ ఈటీవీ2 ఏమైంది? ఈటీవీ ఆంధ్రప్రదేశ్, ఈటీవీ తెలంగాణ అని రెండైంది. అంటే చీల్చారు.

మఫసిల్ డెస్క్

చీల్చారు, రెండుగా. రెండు ఫీడ్లు, రెండు లైసెన్సులు, రెండు క్యారేజ్ ఒప్పందాలు పెట్టుకుని. ఆ రెండింటి కిందా పత్రిక ఉంది, ప్రతి మండలంలో కంట్రిబ్యూటర్ ఉన్నాడు. పట్నా కింద అది లేదు, అందుకే నిలిచినవి తెలుగువి.

పెన్నా గట్టు

నిలిచాయా, అమ్మకుండా ఉంచారా? 24.5 శాతం వేరేవాళ్ల చేతికి వెళ్లిందని పైన పద్దుల పుస్తకం గారే చెప్పారు. దానికి జవాబు రాలేదు.