రెండు జడలు సమానంగా రావాలంటే ఏం చేయాలి? నా జడ నేనే వేసుకోవడమూ నేర్చుకోవాలి

మియాపూర్ అమ్మ
అందరికీ నమస్కారం. మా పాప ఒకటో తరగతిలో చేరింది. రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టి పంపమన్నారు. నేను వేస్తే ఎడమ జడ చెవి పక్కన, కుడి జడ మెడ మీద ఉంటోంది. మధ్యాహ్నానికి ఒక రిబ్బన్ ఊడి బ్యాగులో చేరుతోంది. పెళ్ళయ్యేదాకా నా జడ మా అమ్మే వేసేది. ఆ తర్వాత క్లిప్పుతోనే కాలం గడిచిపోయింది. నడుము దాకా జుట్టుండి కూడా నా జడ నేను వేసుకోలేకపోతున్నానంటే బాధగా ఉంది. చేతులు వెనక్కి పెడితే రెండు నిమిషాలకే భుజాలు పీకేస్తున్నాయి. ఫ్రెంచ్ జడ కూడా నేర్చుకోవాలని ఉంది. ఇంకో సంగతి, మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు. తలస్నానం చేస్తే జుట్టు పీచులా అయిపోతోంది. మీరంతా ఏం చేస్తున్నారో చెప్పండి.

నాచారం నాన్న
మా ఆవిడ పొద్దున ఆరుకల్లా డ్యూటీలో ఉండాలి. అందుకని రెండేళ్ళుగా పాప జడలు నా పనే. కిటికీ ఊచకు మూడు రంగుల పాత చున్నీ ముక్కలు కట్టి నేర్చుకున్నాను. రంగులు వేరుగా ఉంటే ఏ పాయ ఎటు పోతోందో తెలిసిపోతుంది. పది రోజులు, రాత్రి భోజనాలయ్యాక అదే పని.
మీ జడలు హెచ్చుతగ్గులుగా రావడానికి కారణం పాపిడి అయి ఉంటుంది. పిల్ల టీవీ చూస్తూ తల ఒక పక్కకు వాలుస్తుంది, మనం ఆ వంపులోనే పాపిడి తీసేస్తాం. టీవీ ఆపి, తల నిటారుగా పెట్టించి, తోక దువ్వెనతో నుదుటి మధ్య నుంచి మెడ గుంట దాకా ఒకే గీత తీయండి. రెండు పక్కలా ముందు రబ్బరు బ్యాండ్లు వేసి, పాపను మీ వైపు తిప్పుకుని చూడండి. రెండు బ్యాండ్లూ చెవి తమ్మెలకు ఒకే ఎత్తులో ఉన్నాయనుకున్నాకే అల్లడం మొదలుపెట్టండి.
మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో టీచరు పాప జడలు చూసి ఎవరు వేస్తారని అడిగారు. నేనేనండీ అన్నాను. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

నల్లకుంట అమ్మమ్మ
రిబ్బన్ ఊడుతోందంటే జడ వదులుగా వేస్తున్నావమ్మా. నూనె రాసి, చిక్కు తీసి, గట్టిగా బిగించి వేయాలి. మా అమ్మ వేస్తే కళ్ళు పైకి లాగినట్టుండేవి, పొద్దున వేసిన జడ మర్నాటిదాకా చెదిరేది కాదు. అలా బిగించి వేస్తేనే జుట్టు పొడుగవుతుంది కూడా.
రిబ్బన్‌ను చివర ఊరికే చుట్టకూడదు. జడ సగం అయ్యాక రిబ్బన్‌ను మధ్యకు మడిచి, రెండు కొసలనూ రెండు పాయల్లో కలిపి అల్లుకుంటూ పోవాలి. చివర ఒక ముడి వేసి, జడను పైకి మడిచి, మొదట్లో పువ్వులా కట్టాలి. పిల్ల ఎంత గెంతినా ఊడదు.

కొత్తపేట తల్లి
బిగిస్తే పొడుగవుతుందన్న మాట దయచేసి ఎవరూ నమ్మకండి. నేను నమ్మి నా కూతురికి నాలుగేళ్ళు అలాగే వేశాను. రెండు కణతల దగ్గరా రూపాయి బిళ్ళంత మేర జుట్టు పలచబడింది. చర్మ డాక్టరు చూసి ట్రాక్షన్ అలోపీషియా అన్నారు. కుదుళ్ళను రోజూ లాగడం వల్ల వస్తుందట. త్వరగా ఆపేస్తే జుట్టు మళ్ళీ వస్తుంది, ఏళ్ళ తరబడి అలాగే సాగితే ఇక రాదు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. జడ బిగించినా వదిలినా అంతే.

నల్లకుంట అమ్మమ్మ
మేం ముగ్గురు అక్కచెల్లెళ్ళం. ముగ్గురికీ అరవై దాటాయి, ఒక్కరికీ కణతలు పలచబడలేదు. మీ పాపకు ఒంట్లో ఇనుము తక్కువేమో చూపించారా? అన్నిటికీ జడదే తప్పంటే ఎలా?

కొత్తపేట తల్లి
రక్త పరీక్ష కూడా చేయించామండీ, బాగానే ఉంది. వదులు జడ వేయడం మొదలుపెట్టిన ఆరు నెలలకు అక్కడే సన్న వెంట్రుకలు వచ్చాయి. ఇంతకంటే ఏం రుజువు కావాలి? మీకు రాలేదని ఎవరికీ రాదనడం పద్ధతి కాదు. పసిపిల్లల తలలివి.

దిల్‌సుఖ్‌నగర్ బ్యూటీషియన్
పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా వృత్తి. పెళ్ళికూతుళ్ళ జడలు ఎన్ని వేశానో లెక్క లేదు. ఐదు పాయల జడ నాలుగు నిమిషాల్లో వేస్తాను. కాబట్టి నా మాట వినండి, మీ ఇద్దరి మాటా సగమే నిజం. బిగువు అల్లికలో ఉండాలి, కుదుట్లో ఉండకూడదు. మాడుకు దగ్గరగా మొదటి రెండు మెలికలు నెమ్మదిగా వేసి, మెడ దాటాక బిగించాలి. వేశాక పిల్లను కనుబొమలు పైకెత్తమనండి. నుదురు లాగినట్టుందంటే విప్పి మళ్ళీ వేయాల్సిందే. కుదుళ్ళ చుట్టూ చిన్న పొక్కులు కనిపిస్తే కొన్నాళ్ళు జడ మానేసి వదులుగా కట్టండి.
ఫ్రెంచ్ జడకు పెద్ద కోర్సులు అక్కర్లేదు. పక్క పాయను మధ్య పాయ మీదుగా వేస్తే ఫ్రెంచ్, కిందుగా వేస్తే డచ్. డచ్ జడ తల మీద ఉబ్బెత్తుగా నిలబడుతుంది. తేడా అంతే. ప్రతి మెలికకూ పక్క నుంచి తీసుకునే వెంట్రుకలు ఒకే మందంలో ఉండాలి. చిటికెన వేలితో గీసినట్టు తీసుకుంటే సమానంగా వస్తాయి.

కొత్తపేట తల్లి
మీలాంటి అనుభవజ్ఞులు ఉన్న పార్లర్‌లోనే మా చెల్లెలి పెళ్ళికి పాపకు జడ వేయించాం. పిన్నులు, సవరం, పైన పూలజడ. ఆ బరువుకు పిల్ల రాత్రంతా ఏడ్చింది. నుదురు చూడమని ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ళ పిల్లకు సవరం ఎందుకండీ?

దిల్‌సుఖ్‌నగర్ బ్యూటీషియన్
నేను పెట్టను. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు సవరం పెట్టమంటే తల్లులతో గొడవపడి మరీ వద్దంటాను. ఎవరో చేసినదానికి నన్ను అనకండి.

రింగుల జుట్టు
పొడి జుట్టు దువ్వి జడ వేయమని చెప్పేవాళ్ళందరికీ సాఫీ జుట్టే ఉంటుంది. నాకూ మా పాపకూ రింగుల జుట్టు. చిన్నప్పుడు దువ్వెన కనిపిస్తే మంచం కిందకు దూరేదాన్ని. తడి జుట్టు సులువుగా తెగుతుందన్నది నిజమే, కానీ మాలాంటి వాళ్ళకు పొడిగా దువ్వితే ఇంకా ఎక్కువ తెగుతుంది. కండిషనర్ ఉండగానే వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి వస్తాం. సగం ఆరాక వదులుగా అల్లేస్తాం. మా పాప ఇప్పుడు దువ్వెన తనే తెచ్చిస్తుంది.

హాస్టల్ అక్క, ఎల్బీనగర్
మియాపూర్ అక్కా, నీ జడ గురించి ఎవ్వరూ చెప్తలేరు, నేను చెప్తా. నేను ఐదో తరగతి నుంచి హాస్టల్‌లో చదివిన. పొద్దున ఐదున్నరకు మెట్ల మీద వరుసగా కూర్చునేటోళ్ళం. వెనక మెట్టు మీదున్నామె ముందున్నామెకు వేస్తది, ఆమె ఇంకా ముందున్నామెకు. అందరికంటే పైమెట్టు మీదున్నామెకు వేసేటోళ్ళు ఉండరు. ఆ పైమెట్టు చాలాసార్లు నాదే. అట్లనే నేర్చుకున్న.
ముందు అద్దం వదిలెయ్యి. అద్దంల చూస్తే కుడి ఎడమైతది, చేతులు ఆగమైతయి. కండ్లు మూసుకుని వేళ్ళతోనే చూసుకో. మెడ దగ్గర రబ్బరు బ్యాండ్ వేసి మూడు పాయలు చెయ్యి. తల కొంచెం వెనక్కి వంచి నాలుగైదు మెలికలు వెనకనే వెయ్యి. తర్వాత జడను భుజం మీదికెళ్ళి ముందుకు తెచ్చుకుని మిగతాది పూర్తి చెయ్యి. మొదటి నుంచే భుజం మీద వేస్తే జడ ఒక పక్కకే పడతది. భుజాలు నొస్తే మధ్యల చెయ్యి దించొచ్చు, బ్యాండ్ ఉన్నది కాబట్టి ఏం కాదు. అంతా అయినంక ఆ బ్యాండ్ కత్తిరించి తియ్యి. నెల రోజుల్ల చెయ్యి అలవాటైతది.

ఉప్పల్ పెద్దక్క
వదులు జడ, వదులు జడ అంటున్నారు, పేల సంగతి ఏం చేస్తారు? మా ఇద్దరు పిల్లలకూ స్కూలు నుంచే వచ్చాయి. తలలు తగిలితే ఎక్కుతాయి కాబట్టి జడ కట్టి ఉంటేనే మేలు. ఈపి పొదగడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. ఒక్కసారి మందు రాసి వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. వారానికోసారి తలంతా తడిపి, సన్న పళ్ళ దువ్వెనతో పాయ పాయగా తీయాలి.

నృత్యం తల్లి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయికి శనివారం రవీంద్రభారతిలో కూచిపూడి ప్రదర్శన ఉంది. జడకుప్పెలు ఎక్కడ దొరుకుతాయి? చాలా టెన్షన్‌గా ఉంది.

నల్లకుంట అమ్మమ్మ
కోఠి సుల్తాన్ బజార్ గల్లీల్లో చూడమ్మా. పూలు గుడిమల్కాపూర్‌లో పెందలాడే తెచ్చుకో. మాది గుంటూరు వైపు, ఎండాకాలంలో మొగ్గల జడ వేయని ఆడపిల్ల ఉండేది కాదు. అరటి పట్ట మీద మల్లెమొగ్గలు దగ్గరదగ్గరగా కుట్టి, మధ్యన కనకాంబరాలు పెట్టేది మా అమ్మ. మొగ్గలు విచ్చకముందే కుట్టాలని మధ్యాహ్నం రెండింటికే కూర్చునేది.
కొత్తపేట అమ్మాయీ, నీ పిల్ల మీద నాకేం కోపం లేదు. మా అమ్మ ముప్పై ఏళ్ళ కిందట పోయింది. ఆమె చేతి బిగువు నా తలకు ఇంకా గుర్తుంది. అది తప్పని ఒక్క మాటలో అనేస్తే మనసు ఒప్పలేదు.

కొత్తపేట తల్లి
అలా అనకండమ్మా. మీ అమ్మగారిని నేనేమీ అనలేదు. కానీ బిగించవద్దనే అంటాను.

మియాపూర్ అమ్మ
అందరికీ చాలా థాంక్స్. ఈ రోజు టీవీ ఆపి, పాపిడి తీసి, ముందు బ్యాండ్లు వేశాను. రిబ్బన్ పాయల్లో కలిపి అల్లాను. సాయంత్రం నాలుగింటికి పాప రెండు రిబ్బన్లతో ఇంటికొచ్చింది. కనుబొమలు ఎత్తమంటే ఎత్తి నవ్వింది. ఎడమ జడ ఇంకా ఒక వేలెడు పైకే ఉంది. నా జడ మాత్రం నాలుగో మెలిక దగ్గరే ఊడిపోతోంది. హాస్టల్ చెల్లీ, రాత్రికి మళ్ళీ కూర్చుంటాను. బోరు నీళ్ళ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

నాచారం నాన్న
మాకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అప్పుడు రెండు బిందెలు పట్టి పక్కన పెడతాను. తలస్నానం బోరు నీళ్ళతోనే, చివరి మూడు మగ్గులు మాత్రం ఆ బిందెలో నీళ్ళు. మా పాప జుట్టు చిక్కు పడటం చాలా తగ్గింది.