పాయకాపురం అపార్ట్‌మెంట్: వాన నీటి గురించి కార్పొరేషన్‌కి ఏమని రాయాలి?

పాయకాపురం వాసి:
మాది విజయవాడ పాయకాపురంలో 400 గజాల్లో కట్టిన పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు పార్కింగ్‌లో నా గొంతు దాకా నీళ్ళు. లిఫ్ట్ పక్క గోడ మీద ఆ చార రెండుసార్లు రంగు వేయించినా మళ్ళీ పైకి తేలుతోంది. అయితే నేను అడిగేది ఆ వరద గురించి కాదండి. మామూలు వాన గంట సేపు పడితే మా వీధి మోకాలి లోతు అవుతుంది, దాని గురించి.

పోయిన వేసవిలో పార్కింగ్ టైల్స్ మారుస్తుంటే మా ఇంకుడు గుంత బయటపడింది. ప్లాన్ కాగితంలో చక్కగా గీసి ఉంది. మూత తీస్తే గడ్డకట్టిన రెండు సిమెంట్ బస్తాలు, టైల్ ముక్కలు, ఒక పిల్లల చెప్పు. డాబా మీది పైపు దాని దగ్గరికే రావడం లేదు, నేరుగా రోడ్డు మీదికి వదిలేశారు. పన్నెండేళ్ళుగా మా వాన నీళ్ళన్నీ ఎదురింటి గుమ్మంలోకి పంపుతున్నాం. ఆ ఇంట్లో మంచం దిగలేని పెద్దావిడ ఉన్నారు. అది తెలిసిన రోజు నుంచి మబ్బు పడితే నాకు టెన్షన్.

మా అసోసియేషన్ తరఫున కార్పొరేషన్‌కి అర్జీ పెడుతున్నాం. కొత్త ఇళ్ళ రూల్స్‌లో ఏం మార్చమని అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్లాన్లు గీసేవాణ్ణి:
మేడమ్, ముందు ఒక లెక్క. 400 గజాలంటే దాదాపు 334 చదరపు మీటర్లు. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 33 వేల లీటర్ల పైనే. అయిదడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి కంకర నింపితే, రాళ్ళ సందుల్లో పట్టేది 1,300 లీటర్ల చిల్లర. గుంత బాగున్నా మిగతాదంతా రోడ్డు మీదికే.

అందుకే ‘గుంత ఉందా లేదా’ అని అడిగే రూల్ సరిపోదు. ‘మొదటి ఇన్ని మిల్లీమీటర్ల వాన మీ స్థలంలోనే ఆగాలి’ అని ఉండాలి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం పెద్ద నిర్మాణాలకు మొదటి ఒకటిన్నర అంగుళం వానకు ఇలాగే లెక్క కట్టిస్తుంది. మీ స్థలానికైతే అది 12,700 లీటర్లు. సంపులో పట్టుకుంటారో, మొక్కల మడిలో ఇంకిస్తారో కట్టేవాళ్ళ ఇష్టం.

సెట్‌బ్యాక్ సంగతి కూడా రాయండి. చుట్టూ ఖాళీ వదలమంటాం, వదులుతారు. గృహప్రవేశం అయ్యేలోపు అంగుళం మట్టి కనబడకుండా పార్కింగ్ టైల్స్ పరిచేస్తారు. అందులో కొంత భాగం మట్టిగానే ఉండాలని రాసి, ఇంట్లో చేరొచ్చని కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు పైపులో ఒక బిందె నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడమనండి.

గుంటూరు రేగడి:
అందరికీ ఒకే కొలత పెట్టమని మాత్రం అడగొద్దు. మాది కొరిటెపాడు, నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలం ఒకసారి తడిసి ఉబ్బితే చుక్క దిగదు. మా వాళ్ళు పునాదికి రెండడుగుల దూరంలో గుంత తీశారు, గోడ బీట వారింది. రేగడిలో నీళ్ళను కాసేపు ఆపి మెల్లగా వదలడమే దారి. మేము తర్వాత ఇంటికి దూరంగా, ప్రహరీ వారన పల్లంగా మడి చేసి, అడుగున కంకర, పైన ఇసుక కలిపిన మట్టి వేసి మెట్టతామర పెట్టాం. ఎక్కువైన నీళ్ళు పైపులో సైడు కాలువకి పోతాయి. మట్టి పరీక్ష చూసి విధానం ఎంచుకోమని రూల్‌లో ఉండాలి.

సింగ్‌నగర్ పాతకాపు:
అమ్మా, బుడమేరు కొండల నుంచి వచ్చే నీరు. కట్టలు తెగినప్పుడు మన పెరటి మడులు ఏం ఆపుతాయి? వెలగలేరు నుంచి కృష్ణకి పోయే మళ్ళింపు కాలువ కట్టలు గట్టిగా ఉండాలి, ఆక్రమణలు పోవాలి. ముందు అది రాయండి.

పాయకాపురం వాసి:
మీ మాట నిజం బాబాయ్ గారూ, మళ్ళింపు కాలువ సంగతి అర్జీలో మొదటి పేరాలోనే పెడతాం. కానీ ఎదురింటి పెద్దావిడ మంచం కిందికి నీళ్ళు తెచ్చింది కొండలు కాదు, మా డాబా పైపు. అది మా చేతిలో ఉన్న పని.

గుంటూరు వారి మాట విన్నాక మాకూ మట్టి చూపించాలనిపించింది. మొన్న ప్రహరీ పక్కన పలుగుతో అడుగున్నర తవ్వించాను. పైన బూడిద రంగు పూడిక, దాని కింద జిగురు మట్టి, అరచేతిలో నులిమితే తాడులా సాగింది. ఒక బకెట్ నీళ్ళు పోస్తే సాయంత్రానికి సగం కూడా దిగలేదు. కాబట్టి లోతు గుంత మానేసి, రెండు పార్కింగ్ వరసల మధ్య టైల్స్ తీయించి మడి చేయిస్తున్నాం. దాని కోసం ఒక కారు చోటు పోతుంది. దాని మీదే మీటింగ్‌లో రెండు గంటలు వాదన జరిగింది, చివరికి మూడో అంతస్తు వాళ్ళు మా కారు బయట పెట్టుకుంటామన్నారు.

ప్లాన్లు గీసేవారూ, మడి నుంచి సైడు కాలువకి వేసే పైపు ఎంత ఎత్తులో పెట్టాలి? మా రోడ్డు పొర మీద పొర వేసి మా గేటు కంటే జానెడు పైకి వచ్చేసింది, కాలువ నీళ్ళు వెనక్కి తన్నుతాయేమోనని భయంగా ఉంది.