కొత్త ఆల్టర్నేటర్ వేసినా చార్జింగ్ రావట్లేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి

సుబేదారి పిల్లగాడు:
పొద్దటి నుంచి బండి కిందే ఉన్నా అన్నలూ. ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ కాలిపోయిందని వైండింగ్ షాపాయన చెప్పాడు. బిగించడానికి మళ్లీ మజూరీ ఎందుకని కొత్తది తెచ్చుకుని ఇంటి దగ్గర నేనే వేశాను. బెల్ట్ టైట్‌గానే ఉంది, తీగలు ఎట్లా ఉన్నవి అట్లాగే పెట్టాను. అయినా చార్జింగ్ లేదు. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ మీద మీటర్ పెడితే 12.1 వోల్టులే, రేస్ ఇచ్చినా అంతే. వాపస్ తీసుకోమంటే బిగించిన సామాను తీసుకోం అంటున్నారు. ఎల్లుండి ములుగులో పెళ్లి, ఇంటిల్లిపాదీ ఈ బండిలోనే పోవాలి. మస్తు టెన్షన్‌గా ఉంది.

కాజీపేట డీజిల్:
ఏ బండి?

బ్యాటరీ బాబాయ్:
బండి ఏదైతే ఏంది, అందరూ ముందు ఆల్టర్నేటర్ మీదే పడతారు. బ్యాటరీ చూశారా? బండి ఆపి రాత్రంతా వదిలేశాక పొద్దున 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2కు దిగితే సగం అయిపోయినట్టు. 11.8 అంటే ఇక ఖాళీయే. పూర్తిగా పడిపోయిన బ్యాటరీని కొత్త ఆల్టర్నేటర్‌కు తగిలించి నింపమంటే అది వేడెక్కి పాడవుతుంది. దాని పని ఖర్చైన కరెంటును భర్తీ చేయడం, చచ్చినదాన్ని లేపడం కాదు. ముందు బయట చార్జర్ మీద పెట్టించండి. మూతలు తీసే రకమైతే ప్లేట్లు మునిగాయో లేదో చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. మన దగ్గర బోరు నీళ్లు పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. బిందె అడుగున పట్టే తెల్ల పొర చూసి కూడా అవే పోస్తారు!

పాత చాబీ:
ఇంత కథ ఎందుకు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మైనస్ పీకు. బండి ఆగితే డైనమో ఖరాబ్, ఆగకపోతే మంచిది. మేం అంబాసిడర్ల కాలం నుంచి ఇదే చేస్తున్నాం.

కాజీపేట డీజిల్:
దయచేసి ఆ పని చేయకండి. బ్యాటరీ ఉన్నంతసేపు వోల్టేజ్‌ను అది పట్టి ఉంచుతుంది. నడుస్తుండగా పీకితే ఒక్కసారిగా ఎగబాకి డయోడ్లు, వోల్టేజ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ పోతాయి. కంప్యూటర్ ఉన్న బండ్లలో అదీ పోవచ్చు. ఇప్పుడున్నది డైనమో కూడా కాదు, ఆల్టర్నేటర్.

పాత చాబీ:
పేరు మారిస్తే వస్తువు మారుతుందా? ఏ దుకాణంలోనైనా డైనమో అని అడగండి, ఇదే ఇస్తారు.

కాజీపేట డీజిల్:
ఇస్తారు, కాదనను. కానీ డైనమోలో లోపల తిరిగే ఆర్మేచర్‌లో కరెంటు పుట్టి కమ్యుటేటర్ మీదుగా డీసీగా బయటికి వస్తుంది. ఆల్టర్నేటర్‌లో బయటి కాయిల్‌లో ఏసీ కరెంటు పుడితే డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. మీ పరీక్షకు బలయ్యేది ఆ డయోడ్లే.

పాత చాబీ:
సరే సార్, మీరే చెప్పండి అందరికీ.

సుబేదారి పిల్లగాడు:
మీరు మీరు తర్వాత కొట్లాడుకోండి అన్నా. బండి ఇండికా, 2008 డీజిల్. ఆల్టర్నేటర్ వెనక పంపు ఉంది, దాని పైపులు కూడా మార్చి పెట్టాను. బ్రేక్ జర గట్టిగా అయింది, అది తర్వాత చూస్తాను. మీటర్ బోర్డులో చార్జింగ్ లైట్ అసలు రావట్లేదు. పాతది ఉన్నప్పుడు కూడా చాలా రోజుల నుంచి రాలేదు. అంటే లైన్ మంచిగానే ఉన్నట్టు కదా?

జమ్మికుంట మీటర్:
తమ్ముడూ, ముందు బ్రేక్ సంగతి. ఆ వెనక ఉన్నది వాక్యూమ్ పంపు, బ్రేక్ పెడల్‌ను తేలిక చేసే బూస్టర్ నుంచి గాలి గుంజేది అదే. పెడల్ గట్టిబడిందంటే బూస్టర్‌కు పోయే గొట్టం ఎక్కడో ఊడింది, లేదా పగిలింది, లేదా పంపు గుంజట్లేదు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, అట్లాగే తొక్కి పట్టి స్టార్ట్ చెయ్యి. కాలు కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండి గేటు దాటించకు. ఆ పంపుకు ఇంజన్ ఆయిలే ఆధారం. సన్న పైపులో వస్తుంది, లావు పైపులో తిరిగి ఇంజన్ అడుగున ఉన్న ఆయిల్ చాంబర్‌లోకి పోతుంది. బిగించే ముందు పంపులో కాస్త ఆయిల్ పోసి పుల్లీని చేత్తో తిప్పాలి. ఎండగా తిరిగితే లోపల గీరుకుపోతుంది.

ఇక చార్జింగ్. లైట్ రాకపోవడం మంచిది కాదు, నీ రోగమే అది. చాబీ ఆన్ చేయగానే, ఇంజన్ ఇంకా తిరగకముందు, ఆ లైట్ వెలగాలి. ఆ బల్బు గుండా వచ్చే కొద్దిపాటి కరెంటుతోనే ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ అయస్కాంతం అవుతుంది. స్టార్ట్ అయ్యాక ఆల్టర్నేటర్ తన కరెంటు తానే తీసుకుంటుంది, లైట్ ఆరిపోతుంది. బల్బు మాడితే మొదటి కరెంటే లేదు, కొత్తది వేసినా అది ఊరికే తిరుగుతుంది.

చూసే పద్ధతి: ఇంజన్ ఆపి, చాబీ ఆన్ పెట్టి, ఆల్టర్నేటర్ నుంచి లైట్‌కు పోయే సన్న తీగ ఊడదీసి బాడీకి తాకించు. లైట్ వెలిగితే తీగా బల్బూ బాగున్నట్టు, అప్పుడు ఆల్టర్నేటర్‌ను అనుమానించు. వెలగకపోతే బల్బు, ఫ్యూజు, తీగ ఈ మూడింట్లో ఒకటి. లావు తీగ మాత్రం ముట్టుకోకు, అది నేరుగా బ్యాటరీ ప్లస్. బాడీకి తాకితే నిప్పులే. కంప్యూటర్‌తో చార్జింగ్ నడిచే కొత్త బండ్లకు ఈ పద్ధతి పనికిరాదు, చదివేవాళ్లు గుర్తుంచుకోండి.

బ్యాటరీ బాబాయ్:
బల్బు సరే, బ్యాటరీ టెర్మినల్స్ మీద పచ్చ పొర ఉందేమో కూడా చూడమనండి. వేడి నీళ్లతో కడగాలి.

కాజీపేట డీజిల్:
ఆల్టర్నేటర్ విప్పే ముందు మైనస్ తీశారా? ఆ లావు తీగ మీదికి పానా జారితే ఏమవుతుందో చూసినవాళ్లకు తెలుసు.

పరకాల పత్తి బండి:
కొత్తది ఎంతకు తెచ్చారు? వైండింగ్ షాపులో రెగ్యులేటర్, కార్బన్లు మారిస్తే పాతదే నడిచేది. ఊరికే పైసలు.

సుబేదారి పిల్లగాడు:
బల్బే. వేశాక 14.1 వస్తుంది. థ్యాంక్స్ అన్నా.

జమ్మికుంట మీటర్:
బ్రేక్?

కాజీపేట డీజిల్:
బ్రేక్ చూశావా తమ్ముడూ? పెళ్లికి పోయే ముందైనా చూడు.

హుజూరాబాద్ రోడ్:
అన్నా నాది స్విఫ్ట్ పెట్రోల్, ఏసీ వేస్తే హెడ్‌లైట్ సన్నబడుతుంది. ఇదే సమస్యనా?

కాజీపేట డీజిల్:
వేరే పోస్ట్ పెట్టండి. ఏ మోడలో, ఏసీ వేసినప్పుడు, ఆపినప్పుడు వోల్టేజ్ ఎంతుందో రాయండి.