‘ట్రిక్‌స్టర్’ను తెలుగులో ఏమనాలి?

మిత్రులకు నమస్కారం. ప్రపంచ జానపద కథల కామిక్స్‌ను పిల్లల కోసం తెనిగిస్తున్న సోదరి ఒకరు ‘ట్రిక్‌స్టర్’ (ఎత్తులు వేసి ఎదుటివాళ్లను బురిడీ కొట్టించే కథాపాత్ర) అనే మాటకు తెలుగేమిటని, ఆ కథల్లోని పేర్లను ఏం చేయాలని అడిగారు. సభ్యులు ఇప్పటికే ధూర్తుడు, మాయావి, జిత్తులమారి, వికటకవి అనే మాటలు సూచించారు. నాలుగూ మంచి మాటలే గాని, వాటిలో ఏ ఒక్కటీ ఆ పాత్రను పూర్తిగా పట్టదని నా అభిప్రాయం. నిఘంటువులు ముందేసుకుని కూర్చుంటే ఈ చర్చ తెగదు; ఆ కథల్లో వాడేం చేస్తాడో, చివరికి వాడికేమవుతుందో చూడాలి.

ముందు ధూర్తుడి సంగతి చూద్దాం. పాల్ రాడిన్ అనే మానవశాస్త్రవేత్త ఉత్తర అమెరికాలోని హో-చంక్ ప్రజల కథలను 1956లో పుస్తకంగా వెలువరించాక ‘ట్రిక్‌స్టర్’ అనే మాటకు పండితుల్లో ప్రచారం బాగా పెరిగింది. ఆ కథల నాయకుడు వక్‌జుంకాగా. ఒకచోట అతడు అడవిదున్నను చంపి కుడిచేత్తో కత్తి పట్టి కోస్తూ ఉండగా ఎడమచెయ్యి వచ్చి మాంసాన్ని పట్టుకుంటుంది. అది నాది, వదులు అంటుంది కుడిచెయ్యి. జగడం ముదిరి, ఎడమచెయ్యి కత్తిగాట్లతో నెత్తురోడిన తర్వాత, అయ్యో, నేనెందుకిలా చేశానని అతడే విచారిస్తాడు. మరోచోట కాలుతున్న బాతులకు తన పిరుదులనే కాపలా పెట్టి నిద్రపోతాడు. నక్కలు వచ్చి బాతులను తినిపోతాయి. కాపలా సరిగా కాయలేదన్న కోపంతో పిరుదులకు వాత పెట్టి, ఆ మంటకు తానే గగ్గోలు పెడతాడు. మన కథల్లో ధూర్తుడు ఎదుటివాడి కొంప ముంచుతాడే తప్ప తన చేతిని తాను కోసుకోడు. కాబట్టి ఈ మాట ఇక్కడ పొసగదు.

మాయావి అనగానే తెలుగువాడికి మారీచుడో ఘటోత్కచుడో కళ్ల ముందు మెదులుతారు. కామిక్స్‌లోని లోకీకి ఇది దాదాపు సరిపోతుంది. 1962 అక్టోబరు నాటి మార్వెల్ కామిక్స్ సంచికలో ఉరుముల దేవుడు థోర్‌కు ప్రతినాయకుడిగా అడుగుపెట్టింది మొదలు అతడు చాలాకాలం కుట్రలు పన్నే దుష్టుడిగానే ఉండిపోయాడు. పాత నార్డిక్ (ఉత్తర ఐరోపా) కథల్లోని లోకీ వేరు. థోర్ భార్య సిఫ్ జుట్టు కత్తిరించిన తుంటరితనం అతడిదే. దానికి పరిహారంగా మరుగుజ్జుల దగ్గరికి వెళ్లి బంగారు జుట్టు చేయించి తెచ్చిందీ అతడే. ఆ బేరసారాల్లోనే థోర్‌కు సుత్తి దక్కింది, లోకీకి మాత్రం పెదవులు కుట్టించుకోవలసి వచ్చింది. ఇంకొక కథలో, దేవతల కోట కడుతున్న రాక్షసుడి పని చెడగొట్టడానికి ఆడగుర్రంగా మారి వాడి గుర్రాన్ని దారి తప్పిస్తాడు, ఆ తర్వాత ఎనిమిది కాళ్ల గుర్రప్పిల్లను కంటాడు. రూపం మార్చడం వరకు మాయావి అనే మాట చెబుతుంది. మార్చిన పాపానికి కడుపు మోయవలసి రావడాన్ని ఆ మాట చెప్పదు.

జిత్తులమారి అన్న సూచనకు ఎక్కువమంది ఓటు వేశారు. నాకూ ఇష్టమైన మాటే, కానీ తగవులమారి, మాయలమారి మొదలైన మాటల్లో చూడండి, ఆ ‘మారి’ తగిలిందంటే నిందే. జిత్తులమారి నక్క అని కథ మొదలుపెడితే దానికి చివర శాస్తి జరగాలని పిల్లలు ముందే సిద్ధమైపోతారు. ఘనాలోని అకాన్ ప్రజల అనాన్సికి ఆ శాస్తి అన్ని కథల్లోనూ జరగదు. లోకంలోని కథలన్నీ ఆకాశదేవుడు న్యామే దగ్గర ఉన్న రోజుల్లో అనాన్సి అనే సాలెపురుగు వాటిని కొనబోతాడు. దేవుడు చెప్పిన వెల కొండచిలువ, చిరుతపులి, కందిరీగలు, కంటికి కనబడని ఒక అడవిదేవత. అనాన్సి కందిరీగల పట్టు మీద నీళ్లు చల్లి, వాన పడుతోంది, ఈ బుర్రలోకి వచ్చి తలదాచుకోండని ఎండిన సొరకాయ చూపిస్తాడు. అవి లోపలికి వెళ్లగానే మూత బిగిస్తాడు. నువ్వు పొడుగా, ఈ కర్ర పొడుగా అని కొండచిలువను కర్ర పక్కన పడుకోబెట్టి కట్టేస్తాడు. అడవిదేవతను జిగురు పూసిన బొమ్మకు అంటుకునేలా చేస్తాడు. (ఈ జిగురుబొమ్మే అమెరికాలోని నల్లజాతి వారి కుందేలు కథల్లో తారుబొమ్మ అయింది. మన పంచావుధ జాతకం అనే బౌద్ధ కథలో రాజకుమారుడు ఒక రాక్షసుడి జిగురు వెంట్రుకలకు కాళ్లూ చేతులూ తలా అంటుకుపోయి వేలాడతాడు. ఈ పోలికను పండితులు చాలాకాలం కిందటే గుర్తించారు.) వెల మొత్తం చెల్లించాడు కనుక కథలన్నీ అనాన్సివే అయ్యాయి, అకాన్ ప్రజలు కథలను అనాన్సి కథలనే పిలుచుకుంటారు. అదే అనాన్సి మరో కథలో లోకంలోని తెలివినంతా ఒక కుండలో పెట్టి, పొట్టకు కట్టుకుని చెట్టెక్కబోతాడు. ఎక్కలేక అవస్థ పడుతుంటే, వీపుకు కట్టుకోవచ్చు కదా నాన్నా అని కొడుకు కింద నుంచి అంటాడు. తెలివంతా తన దగ్గరే ఉందనుకున్నవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలి, కుండ చేజారుతుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మనం అనేది ఇలాంటి చోటే. గెలుపూ భంగపాటూ రెండూ ఒకడికే జరుగుతున్నాయి, నింద మాత్రమే చేసే మాట ఇక్కడ సగమే పని చేస్తుంది.

సున్ వుకోంగ్ అనే చైనా వానరరాజు గురించి క్లుప్తంగా చెబుతాను. 1984లో అకీరా తొరియామా జపానులో మొదలుపెట్టిన కామిక్‌లోని గోకూ పేరు ఈ వుకోంగ్ పేరుకు జపాను ఉచ్చారణే. తోక, పొడవు పెరిగే కర్ర, ఎగిరే మేఘం మూడూ మిగిలాయి, కొంటెతనం మాత్రం జారిపోయి అమాయకత్వం వచ్చి చేరింది. కాబట్టి ఆ గోకూకు పైమాటల్లో ఏదీ అక్కరలేదు.

వికటకవిని ప్రతిపాదించిన మిత్రుడితో మాత్రం గట్టిగా విభేదిస్తున్నాను. అది ఎటు చదివినా ఒకేలా ఉండే చక్కని మాటే గాని, తెలుగులో అది ఒకే ఒక్క మనిషి బిరుదు, పైగా ఆ మనిషి ఆయుధం నోటిమాట. తిలకాష్ఠమహిషబంధనం కథనే తీసుకోండి. బయటి నుంచి వచ్చిన మహాపండితుడు పట్టుబట్ట చుట్టిన ఆ గ్రంథం పేరు వినగానే, తాను ఎన్నడూ చదవని శాస్త్రమేదో ఉందని బెదిరి రాత్రికి రాత్రే ఊరు విడిచిపోతాడు. విప్పి చూస్తే అవి నువ్వుల కట్టెలు, గేదెను కట్టే తాడు. చిత్రకారుడు ఆ కట్టను గీయగలడు, పండితుడి ముఖంలోని బెదురును గీయగలడు, సమాసం విడిపోవడాన్ని గీయలేడు. ఆ పని బొమ్మ పక్కనున్న మాటే చేయాలి. అనాన్సిని, లోకీని కామిక్స్‌వాళ్లు అంత సులువుగా అందుకోగలగడానికి కారణం వాళ్ల జిత్తులు కంటికి కనబడేవి కావడమే. ఒక సాలెపురుగును వికటకవి అంటే పాఠకుడు అది పద్యం చెబుతుందని ఎదురుచూస్తాడు. (పాండురంగ మాహాత్మ్యం రాసిన రామకృష్ణుడికీ చాటుకథల రామకృష్ణుడికీ ఎంత సంబంధమన్నది వేరే చర్చ. దాన్ని ఇక్కడ కెలకవద్దని మనవి.)

నా ఓటు ‘టక్కరి’కి. ఈ మాటలో తిట్టు ఉంది, ముద్దు కూడా ఉంది. దొంగనూ టక్కరి అంటాం, నిద్ర నటిస్తున్న మనవణ్ణీ టక్కరి వెధవ అంటాం. గడుసరి దీనికి చాలా దగ్గరి మాట, కానీ గడుసరి ఓడిపోడు; టక్కరి ఒక్కోసారి తాను తీసిన గోతిలో తానే పడతాడు. పోతన భాగవతంలో మన్ను తిన్న కృష్ణుడు “అమ్మా! మన్ను దినంగ నే శిశువునో? యాఁకొంటినో? వెఱ్ఱినో?” అని ఎదురు ప్రశ్నిస్తాడు, వీళ్లు నీ చేత నన్ను కొట్టించడానికి కల్పించి చెబుతున్నారంటాడు, కావాలంటే నా నోరు వాసన చూడమంటాడు. ఈ పద్యం విన్న ఏ తల్లీ వాణ్ణి ధూర్తుడనదు, మాయావి అనాలని తోచినా అనదు. టక్కరి అని నవ్వుతుంది. అమెరికా వాయవ్య తీరంలోని ట్లింగిట్, హైడా ప్రజల కథల్లో బొంతకాకి చేసేదీ ఇటువంటిదే. వెలుగును పెట్టెలో దాచుకున్న ముసలివాడి ఇంట మనవడిగా పుట్టి, ఆ పెట్టె కావాలని గుక్కపట్టి ఏడ్చి, చేతికి రాగానే కాకిగా మారి పొగగూటి గుండా ఎగిరిపోతుంది. 2010లో మాట్ డెంబికీ సంపాదకత్వంలో, ‘ట్రిక్‌స్టర్’ అనే పేరుతోనే, అమెరికా ఆదివాసుల కథలు 20కి పైగా కామిక్ సంకలనంగా వచ్చాయి. కాకి, కుందేలు, కొయోటీ (తోడేలు జాతి జంతువు) అందరూ చేరిన అలాంటి పుస్తకానికి ‘టక్కరుల కథలు’ అని పేరు పెడితే ఎవరికీ అన్యాయం జరగదు.

సోదరి అడిగిన రెండో ప్రశ్న పేర్ల గురించి. పేర్లను తెలుగు చేయవద్దు. అనాన్సి అంటే వారి భాషలో సాలెపురుగే కనుక ఆ సంగతి తొలి పుటలో ఒకసారి చెబితే చాలు. ఇబ్బందంతా క్రియల దగ్గర వస్తుంది. నార్డిక్ కథల్లో లౌఫే లోకీ తల్లి, మార్వెల్ కామిక్స్‌లో తండ్రి. కాబట్టి ‘లౌఫే వచ్చింది’ అనాలా, ‘వచ్చాడు’ అనాలా అన్నది మీరు ఏ కథను తెనిగిస్తున్నారో చూసుకుని తేల్చుకోవాలి. లోకీ ఆడగుర్రంగా ఉన్న పుటల్లో మాత్రం ‘పరుగెత్తింది’ అనే రాయండి, మళ్లీ మనిషి రూపానికి వచ్చాక ‘వచ్చాడు’ అనండి.