"సౌలీత్' వేలు వకరా": లాత్వియా దైనాలో ఏడక్షరాల పాదం ఎందుకు?

ప్రశ్న: లాత్వియా జానపద చతుష్పదుల (దైనాల) ఛందస్సు మీద ఎమ్మే థీసిస్ కోసం ఒక సందేహం. బాగా ప్రచారంలో ఉన్న పాట ఇది:

సౌలీత్' వేలు వకరా
సేఝస్ జెల్త లైవిఞా;
రీతా అగ్రి ఉజ్‌లేక్‌దమ
అత్‌స్తాయ్ లైవు లీగొయొత్.

పొద్దుగూకాక సౌలె (సూర్యబింబం) బంగారు పడవెక్కి కూర్చుంటుంది, తెల్లారగట్లే లేచిపోతూ ఆ పడవను ఊగుతుండగా వదిలేస్తుంది అని భావం. పాదానికి ఎనిమిది అక్షరాలని పుస్తకాల్లో ఉంది. ఇక్కడ మూడో పాదం తప్ప అన్నీ ఏడే. గురులఘువులు వేసి చూస్తే ఒక పాదానికీ ఇంకో పాదానికీ పొంతన లేదు. పాఠం ఏమైనా చెడిందా?

జవాబు: పాఠం శుభ్రంగా ఉందండీ, లెక్కే మన పద్ధతిలో పడింది. దైనాలో పాదమంతటికీ గురులఘువులు వేయకూడదు. పాదాన్ని (ఇక్కడ నాలుగో అక్షరం తర్వాత) విరిచి రెండు అర్ధపాదాలు చేయండి. మాట ఏదీ ఆ విరుపు మీదుగా సాగదు. తర్వాత రెండో సగంలో ఆఖరి అక్షరాన్ని మాత్రం చూడండి. ఆ సగంలో నాలుగు అక్షరాలుంటే ఆఖరిది హ్రస్వం, మూడే ఉంటే ఆఖరిది దీర్ఘం.

వ-క-రా: మూడు, చివర దీర్ఘం. లై-వి-ఞా: అంతే. ఉజ్-లేక్-ద-మ: నాలుగు, చివర హ్రస్వం. లీ-గొ-యొత్: మూడు, చివర హల్లుతో మూసుకుంది కాబట్టి దీర్ఘం కిందే లెక్క. అంటే ఏడక్షరాల పాదంలో లోటేమీ లేదు, ఎనిమిదో అక్షరం పట్టే కాలాన్ని ఆ చివరి దీర్ఘమే తీసుకుంటోంది.

తెలుగువాళ్లు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది. హ్రస్వాచ్చు తర్వాత 'స్' ఒక్కటే వస్తే ఆ అక్షరం హ్రస్వమే. "వియెనస్ మాతెస్ మెయ్‌తస్" (ఒకే తల్లి కూతుళ్లు) అనే పాదాంతంలో 'తస్' మనకు గురువు, వాళ్లకు హ్రస్వం. ఈ మినహాయింపు పెట్టుకోకపోతే మంచి పాదాలే వందల కొద్దీ తప్పుల పట్టీలోకి పోతాయి.

ఇంకొకరు: పై జవాబుకు ఒక చేర్పు. మొదటి పాదంలో 'సౌలీత్' పక్కనున్న లోపచిహ్నాన్ని వదిలేయకండి. పూర్తి రూపం సౌలీతె, 'సౌలె'కి ముద్దు రూపం. మూడక్షరాల ఆ మాట పక్కన 'వేలు' చేరితే మొదటి సగం ఐదవుతుంది. అందుకే చివరి 'ఎ' రాలిపోయింది. దీనికి ఎదురు పని కూడా జరుగుతుంది: అక్షరం తక్కువైతే మాట చివర 'ఇ' తగిలిస్తారు. ముద్దు ప్రత్యయాలు దైనాల్లో అంత విరివిగా ఉండటానికి ప్రేమ ఒక్కటే కారణం కాదు, ఛందస్సు అవసరం కూడా ఉంది. థీసిస్‌లో ఒక అధ్యాయానికి సరిపోయే విషయం ఇది.

ఇంకో మాట: తెలుగు లిపిలో రాసుకున్న పాఠం మీద అక్షరాలు లెక్కపెట్టొద్దు. లాత్వియన్ సంధ్యక్షరాల్లో (రెండు అచ్చులు కలిసి ఒక్కటిగా పలికేవి) రెంటికి మనకు ఐ, ఔ ఉన్నాయి కాబట్టి లైవు, సౌలె చిక్కు పెట్టవు. 'ఇయె', 'ఉఅ'లకు మనకు ఒంటి అక్షరం లేదు. 'డ్జియెడ్' (పాడుతుంది) లాత్వియన్‌లో ఏకాక్షరం, మన రాతలో రెండు. 'లీగొయొత్'లో రాసేది 'ఒ', పలికేది 'ఉఅ'. ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాస్తే ఐదక్షరాలు కనిపిస్తాయి, ఉన్నవి మూడే.

ప్రశ్నించినవారు: స్పష్టమైందండీ. తెలుగు సారాంశంలో ఆ విరుపును 'యతి' అనొచ్చా?

జవాబు: వద్దు. సంస్కృతంలో యతి విరామమే గానీ, తెలుగు చదువరికి యతి అనగానే అక్షరమైత్రి గుర్తొస్తుంది. 'విరుపు' చాలు. అన్నట్టు, సారాంశంలో 'సూర్యుడు' అని కూడా రాయకండి. సౌలె స్త్రీ, చంద్రుడు (మేనెస్) పురుషుడు. వాళ్ల పెళ్లి గురించే బోలెడు పాటలున్నాయి.

మరొకరు: ఛందస్సు కంటే ముందు పాఠం సంగతి తేల్చుకోవాలి. అసలు చాలా థీసిస్‌లు బోల్తా పడేది అక్కడే. క్రిష్యానిస్ బారన్స్ సంకలనం 'లాత్వ్యు దైనాస్' 1894-1915 మధ్య వచ్చింది, అందులో 2,17,996 పాటలు. ఒకే పాటకు దొరికిన వేర్వేరు రూపాలను ఒక గుంపు చేసి, ఆయన ప్రతి గుంపులో ఒక పాఠాన్ని ప్రధానంగా తీసుకుని పూర్తిగా అచ్చు వేశారు, మిగతా పాఠాల్లో తేడా ఉన్న మాటలే కింద ఇచ్చారు. ప్రధాన పాఠాలను మాత్రమే లెక్కపెట్టి "దైనాల్లో ఇన్ని శాతం" అని తేలిస్తే అది బారన్స్ ఎంపిక గురించిన లెక్క అవుతుంది, జనం నోటి పాట గురించినది కాదు. పాఠాంతరాలను పూర్తి పాదాలుగా తిరిగి రాసుకున్నాకే లెక్క మొదలుపెట్టండి.

ఎమ్మే స్థాయికి సంకలనమంతా పెట్టుకోవద్దు. సౌలె పాటల్లాంటి ఒక్క విభాగం చాలు. ఆ పాటలను కంప్యూటర్‌కెక్కించి పరిశోధించినవారు వైర వీకె-ఫ్రైబెర్గ (1999-2007లో దేశాధ్యక్షురాలు), ఆమె రచనలు ముందుగా చదవండి. ఎక్సెల్‌లో పాదానికి ఒక వరుస కేటాయించండి. నిలువు గళ్లు: బారన్స్ సంఖ్య, పాఠాంతరం, సేకరించిన ఊరు, మొదటి సగం అక్షరాలు, రెండో సగం అక్షరాలు, చివరక్షరం హ్రస్వమా దీర్ఘమా, అచ్చు లోపించిందా, 'ఇ' చేరిందా. ఊరి గడి తీసేయొద్దు. తూర్పు లాత్వియా పాటల్లో రెండో సగం ఊనిక (నొక్కి పలకడం) లేని అక్షరంతో మొదలుకావచ్చు. ఊరు తెలియకపోతే అదంతా తప్పుగా నమోదవుతుంది.

అర్థాలకు మ్యూలెన్‌బాఖ్-ఎండ్జెలీన్ల నాలుగు సంపుటాల నిఘంటువు (1923-32) చూడండి. అర్థాలు జర్మన్‌లో ఉంటాయి, ఉదాహరణలకు దైనాలనే ఇస్తారు. డిజిటల్ పాఠంలో వెతికేటప్పుడు లోపచిహ్నం నిలువుగా ఉన్నదీ వంకరగా ఉన్నదీ కంప్యూటర్‌కు వేర్వేరు గుర్తులు. దీర్ఘపు గీత ఉన్న అచ్చు కూడా ఒకే కోడుగానో, అచ్చూ గీతా విడివిడిగానో ఉండొచ్చు. లెక్క మొదలుపెట్టకముందే అన్నింటినీ ఒక రూపంలోకి మార్చుకోండి, లేకపోతే 'సౌలీత్'' సగం చోట్ల దొరకదు.