అప్‌డేట్: ప్రశ్నార్థకాలు పోయి జవాబులు వచ్చాయి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచీ, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం నుంచీ నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే ఇంటర్ పిల్లల కోసం తెలుగులో తయారుచేసుకునే లెక్కల పత్రాల్లో, లెక్కలు చేసిపెట్టే సేజ్ సాఫ్ట్‌వేర్ ఇవ్వవలసిన ఫలితం ఉండాల్సిన చోటల్లా రెండు ప్రశ్నార్థకాలే అచ్చవుతున్నాయని గత నెల అడిగాను. సమస్య తీరింది.

లోపం నాదే. సేజ్ ఫలితాలను పత్రంలోకి తెచ్చే సేజ్‌టెక్ ప్యాకేజీ లెక్కను తానుగా చేయదు. పత్రాన్ని అచ్చురూపంలోకి మార్చే జీలాటెక్ (XeLaTeX) ప్రోగ్రామును మొదటిసారి నడిపినప్పుడు ఆజ్ఞలన్నింటినీ ఒక సేజ్ ఫైలులో రాసిపెడుతుంది, ఆ ఫైలును మనం విడిగా సేజ్‌తో నడిపితేనే ఫలితాలు సిద్ధమవుతాయి, మళ్ళీ జీలాటెక్ నడిపినప్పుడే అవి పత్రంలో కూర్చుంటాయి. నేను ఎడిటర్‌లోని బటన్‌ను ఎన్నిసార్లు నొక్కినా నడిచింది జీలాటెక్ ఒక్కటే.

నడిమి మెట్టు కలిపాక ఇంకో చిక్కు ఎదురైంది: జీలాటెక్‌ను అందించే టెక్‌లైవ్ సాఫ్ట్‌వేర్ సముదాయంతో వచ్చిన సేజ్‌టెక్ స్టైల్ ఫైలు వెర్షనూ, సేజ్‌లోని పైథాన్ మాడ్యూల్ వెర్షనూ సరిపోలడం లేదన్న హెచ్చరిక. సేజ్‌తో వచ్చిన స్టైల్ ఫైలునే పత్రం ఉన్న ఫోల్డరులో పెట్టగానే అది ఆగిపోయింది. ఇప్పుడు మూడు ఆజ్ఞలనూ ఒక చిన్న స్క్రిప్టులో పెట్టి, దాన్నే ఎడిటర్ బటన్‌కు కట్టాను.

పరీక్షగా ఎక్స్ సైన్ ఎక్స్ సమాకలనాన్ని ఇస్తే, సైన్ ఎక్స్ నుంచి ఎక్స్ కాస్ ఎక్స్ తీసివేసిన రూపం సరిగ్గా వచ్చింది. అయితే సమాకలన స్థిరాంకాన్ని సేజ్ చేర్చదు, పిల్లలు మరిచిపోయి మార్కులు కోల్పోయే ఆ ‘ప్లస్ సి’ని పత్రంలో నేనే రాసుకుంటున్నాను.

లిక్స్ అనే పత్రాల ఎడిటర్‌లో మాక్సిమా అనే గణిత ప్రోగ్రామును నేరుగా పిలవవచ్చని ఒకరు సూచించారు. ఒకటి రెండు సూత్రాలకు అదే సుఖం, కానీ ప్రశ్నలోని అంకెలు మార్చినప్పుడల్లా జవాబులూ వాటంతట అవే మారాలి కనుక సేజ్‌టెక్‌తోనే ఉంటున్నాను.