సర్పంచ్ అభ్యర్థి పనితనం ఓటరుకు చూపించేదెలా?

తెలంగాణలో సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. అయినా ఓటు పని తెలిసినవాళ్లకు కాక, పది మందికీ తెలిసినవాళ్లకే పడుతోంది. చావుకీ పెళ్లికీ ముందుండే మనిషిని నమ్మడం తప్పు కాదు. కానీ ఉపసర్పంచ్‌తో కలిసి చెక్కు మీద సంతకం పెట్టడం, రెండు నెలలకోసారి గ్రామసభ నడపడం, బిల్లుకు ముందు కొలతలు సరిచూడటం వేరే నేర్పు.

2025 డిసెంబరు ఎన్నికల్లో మా ఊళ్లో కొందరం చేసిన ప్రయత్నాలివి. అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్లలోని ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు ఒకే పేజీలో రాసి ఇంటింటికీ పంచాం. అందరి చూపూ ఆస్తుల దగ్గరే ఆగింది. పనితనం గురించి అఫిడవిట్‌లో గడే లేదు మరి. రచ్చబండ దగ్గర ప్రశ్నలు అడిగిస్తే మాటకారికే చప్పట్లు పడ్డాయి. చివరికి అభ్యర్థులు ఊరికి ఏం చేస్తామన్నారో, పేర్లు, ఫొటోలు తీసేసి అ, ఆ, ఇ అని రాసి చూపించాం. మంచినీటి పైపుల మరమ్మతుకు ఖర్చు లెక్కతో సహా చెప్పిన 'ఆ'నే ఎక్కువమంది ఎంచుకున్నారు. పేరు చెప్పగానే "అతనెవరికి తెలుసు?" అని వెనక్కి తగ్గారు. అంటే పనితనాన్ని గుర్తుపట్టగలరు, ముఖపరిచయం లేనివాడిని నమ్మలేకపోతున్నారు.

పైగా సమయం తక్కువ. మొదటి విడతలో నామినేషన్ల ఉపసంహరణ డిసెంబరు 3న ముగిస్తే పోలింగ్ 11న.

అంత తక్కువ రోజుల్లో, పరిచయం లేని సమర్థుడి మీద ఓటరుకు నమ్మకం కుదిరేలా మీ ఊళ్లో ఏ పద్ధతి పనిచేసింది?